ఏబయ్యిన్నర, నలభై తొమ్మిదిన్నర: బ్రహ్మోస్‌లో ఎవరి వాటా ఎంత?

(డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం స్మారకోపన్యాసం, హైదరాబాద్. ప్రసంగ పాఠం)



కలాం గారి పేరిట జరిగే సభల్లో రామేశ్వరం, పేపర్లు వేసిన బాల్యం, కలలు కనమన్న మాట తప్పకుండా వస్తాయి. అవి మీకు ఇప్పటికే కంఠతా వచ్చు కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఆయన పెట్టిన ఒక సంతకం గురించి మాట్లాడతాను. 1998 ఫిబ్రవరి 12న మాస్కోలో భారత ప్రభుత్వం తరఫున కలాం గారు, రష్యా తరఫున ఆ దేశ రక్షణశాఖ మొదటి ఉపమంత్రి ఎన్.వి. మిఖైలోవ్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. అప్పటికి కలాం గారు రాష్ట్రపతి కాదు. రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు, డీఆర్‌డీవోకు అధిపతి. పోఖ్రాన్ అణుపరీక్షలకు ఇంకా మూడు నెలలుంది. ఆ కాగితంలోంచి వచ్చిందే బ్రహ్మోస్. బ్రహ్మపుత్ర, మాస్క్వా నదుల పేర్లు కలిపి పెట్టిన పేరు. ఉమ్మడి కంపెనీలో మనకు 50.5 శాతం, రష్యాకు 49.5 శాతం. మొదట అనుకున్న మూలధనం 25 కోట్ల డాలర్లు. అందులో మన భాగం 12.625 కోట్లు, వాళ్లది 12.375 కోట్లు.

ఈ అంకెల్ని ఇవాళ కాస్త కదిపి చూద్దామని వచ్చాను. నా వాదన ఇదీ. ఇలాంటి కంపెనీలో ఎవరి వాటా ఎంతో వాటాదారుల రిజిస్టరు చెప్పదు. అవతలివాళ్లు ఒక పెట్టె పంపడం మానేస్తే మన షెడ్డులో ఏ బల్ల దగ్గర పని ఆగిపోతుందో అక్కడ తెలుస్తుంది. ఆ కొలత పెడితే, మొదట్లో మన వాటా ఏబయ్యిన్నరకు చాలా కింద ఉండేది. ఇప్పుడు దాన్ని బాగా దాటింది. కానీ వాళ్ల దగ్గర మిగిలిపోయిన భాగం చిన్నదే అయినా క్షిపణి ప్రాణం అందులోనే ఉంది.

ఈ సంగతి హైదరాబాదు వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1965లో బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ విభాగం పెట్టింది మిగ్-21 విమానాలకు ఎలక్ట్రానిక్ సామగ్రి తయారు చేయడానికి. 1970లో కంచన్‌బాగ్‌లో భారత్ డైనమిక్స్ వచ్చింది. అది మొదట చేసింది ఫ్రెంచివాళ్ల ఎస్ఎస్-11బి1 అనే ట్యాంకు విధ్వంసక క్షిపణి. తర్వాత మిలాన్, ఆ తర్వాత రష్యావాళ్ల కొంకూర్స్. అన్నీ లైసెన్సు మీద. ఈ ఊళ్లో కొన్ని వేల కుటుంబాలు ఆ లైసెన్సుల మీద ఇళ్లు కట్టుకున్నాయి, పిల్లల్ని చదివించుకున్నాయి. నేను ఆ పనిని చిన్నచూపు చూడను. వందోవంతు మిల్లీమీటరు తేడా రాకుండా లోహం చెక్కడం మన చేతులకు అలవాటైంది అక్కడే. కాకపోతే లైసెన్సు ఉత్పత్తి కౌలు సేద్యం. విత్తనం వాళ్లు చెప్పిందే వేయాలి, గట్టు జరపకూడదు, ఎన్ని పంటలు తీసినా పొలం మనది కాదు. డ్రాయింగు పెట్టెలో వస్తుంది. దాని మీద ఒక గీత మార్చాలంటే ఉత్తరం రాయాలి. ఆ గీత అక్కడే ఎందుకుందో చెప్పే లెక్కల పుస్తకం మాత్రం ఎప్పటికీ రాదు.

కలాం గారు 1982లో క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా ఈ నగరానికి వచ్చారు. మరుసటి ఏడు సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్. ఈ అయిదింటినీ ఒకసారి తిరిగి చదవండి. నేల నుంచి నేలకు పోయేవి రెండు, విమానాల్ని కూల్చేవి రెండు, ట్యాంకుల్ని కొట్టేది ఒకటి. క్రూయిజ్ క్షిపణి ఒక్కటీ లేదు. రెక్కలతో, గాలి పీల్చే ఇంజనుతో, నేలకో నీటికో దగ్గరగా దారి వెతుక్కుంటూ వెళ్లే రకం ఆ జాబితాలోకి రాలేదు. 1991 జనవరిలో అమెరికా యుద్ధనౌకలు బాగ్దాద్ మీదికి టొమహాక్‌లు వదిలినప్పుడు ప్రపంచంలో చాలా దేశాల రక్షణ శాఖలకు కలిగిన దిగులే మనవాళ్లకూ కలిగింది.

అదే ఏడాది చివర సోవియట్ యూనియన్ కుప్పకూలింది. మాస్కో తూర్పు అంచున ర్యూతోవ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సంస్థ పేరు ఎన్‌పీవో మషినోస్త్రోయేనియా. వ్లదిమిర్ చెలొమేయ్ కట్టిన సంస్థ అది. సోవియట్ నౌకాదళపు క్రూయిజ్ క్షిపణులు, ఖండాంతర క్షిపణులు, ఇప్పటికీ పేరు చెప్పుకునే ప్రోటాన్ రాకెట్ ఆ సంస్థ చేతుల్లోనే రూపుదిద్దుకున్నాయి. తొంభైల్లో గెర్బెర్త్ యెఫ్రేమొవ్ దానికి నాయకుడు. చేతిలో ఓనిక్స్ అనే ధ్వనిని మించిన వేగపు నౌకా విధ్వంసక క్షిపణి ఉంది, దానికి మంచి ఇంజను ఉంది. కొనేవాడు లేడు. సొంత ప్రభుత్వం దగ్గరే డబ్బు లేదు. మన దగ్గర డబ్బు కొంత, మార్గదర్శక వ్యవస్థల్లో నైపుణ్యం కొంత ఉన్నాయి. ఇంజను లేదు. ఇద్దరికీ ఉన్న లోట్లు ఒకదానికొకటి సరిగ్గా అతికాయి. స్నేహం గురించి నాయకులు చేసే ప్రసంగాల కన్నా ఈ అతుకే ఎక్కువ కాలం పట్టి ఉంచిందని నేను అనుకుంటాను.

మరి నేరుగా కొనుక్కోవచ్చు కదా? అక్కడ క్రయోజెనిక్ రాకెట్ ఇంజన్ల అనుభవం అడ్డొచ్చింది. 1991లో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మాస్‌తో ఇంజన్లకూ వాటి పరిజ్ఞానానికీ కలిపి ఒప్పందం చేసుకుంది. 1992 మేలో అమెరికా రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గి, ఇంజన్లు ఇస్తాం, విద్య మాత్రం ఇవ్వలేం అంది. కొనుగోలు ఒప్పందాన్ని మూడోవాడు ఎంత తేలిగ్గా తెంచగలడో మనకు అలా తెలిసింది. సొంత పెట్టుబడి పెట్టిన కంపెనీని తెంచడం అంత సులభం కాదు. తెంచితే రష్యావాళ్ల డబ్బు కూడా పోతుంది. ఉమ్మడి కంపెనీ అనే ఆలోచనలో తెలివి అంతా ఇక్కడే ఉంది.

సంతకాలైన మూడు నెలలకు పోఖ్రాన్, దాని వెంట మన మీద ఆంక్షలు. ఆరు నెలలకు రూబుల్ పతనం, రష్యా తన అప్పులు కట్టలేనని చేతులెత్తేయడం. మామూలు ఒప్పందమైతే ఈ రెండింటిలో ఏదో ఒకదానితో పోయేది. ఇది మాత్రం 1999లో పనిలో పడింది. కలాం గారితో ఎస్సెల్వీ-3 రాకెట్ కాలం నుంచి పనిచేసిన శివథాను పిళ్ళై కంపెనీకి తొలి సారథి అయ్యారు. 2001 జూన్ 12న ఒడిశాలోని చాందీపూర్ తీరం నుంచి మొదటి క్షిపణి ఎగిరింది. సంతకానికీ ఎగరడానికీ మధ్య మూడేళ్ల నాలుగు నెలలు. మన క్షిపణి ప్రయత్నాల్లో ఇంత తొందర అరుదు. దాచుకోవడం ఎందుకు, ఆ తొందరకు కారణం ఎగిరినదాంట్లో చాలా భాగం ర్యూతోవ్‌లో ముందే సిద్ధంగా ఉండటమే.

ఇంజనీరింగు విద్యార్థులు ఎక్కువమంది కనిపిస్తున్నారు. అందుకే ఆ యంత్రం లోపలికి కాసేపు వెళదాం.

మామూలు జెట్ ఇంజన్లో ముందు ఒక కంప్రెసర్ ఉంటుంది. తిరిగే రెక్కలు గాలిని నొక్కి లోపలికి పంపుతాయి. రామ్‌జెట్‌లో అలా తిరిగేది ఏదీ ఉండదు. ఒక గొట్టం, ముందు ఒక శంకువు, లోపల ఇంధనం చిమ్మే ఏర్పాటు, మంట నిలబడే చోటు. గాలిని నొక్కే పని వేగమే చేస్తుంది. ధ్వనిని మించిన వేగంతో దూసుకెళ్తుంటే శంకువు అంచున పుట్టే ఆఘాత తరంగాలు గాలిని అణిచి లోపలికి నెడతాయి. కాగితం మీద ఇంత సులభమైన ఇంజను ఇంకోటి లేదు. కష్టం ఎక్కడంటే, ఆ వేగంలో ఆరిపోకుండా మంట నిలబెట్టడం. తుపానులో అగ్గిపుల్ల వెలిగించడం నయం, అక్కడ కనీసం చేయి అడ్డం పెట్టుకోవచ్చు. రెండో చిక్కు, ముందే ఆ వేగం ఉంటే తప్ప ఈ ఇంజను మొదలే కాదు. కాబట్టి ముందు ఘన ఇంధన బూస్టర్ ఒకటి క్షిపణిని తోయాలి. ఆ బూస్టర్‌ని వెనక తోకలా తగిలించకుండా రామ్‌జెట్ దహనగదిలోనే కూర్చోబెట్టారు. అది కాలిపోగానే ముందు నుంచి దూసుకొచ్చే గాలి ఖాళీ తొడుగును వెనక్కి తోసేస్తుంది. అదే గదిలో కిరోసిన్ జాతి ఇంధనం చిమ్మి మంట పెడతారు. ఒకే గది రెండుసార్లు పనికొచ్చింది. క్షిపణి పొడవు 8.4 మీటర్ల దగ్గర ఆగిందంటే ఈ పొదుపు వల్లే. ఇది చేసినవాళ్లు ఏ దేశంవాళ్లయినా నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

ముందు ఉన్న ఆ శంకువు ఖాళీగా ఉండదు. లక్ష్యాన్ని వెతికే రాడార్, అంటే సీకర్, దాని లోపలే ఉంటుంది. నిలువుగా వదిలినప్పుడు క్షిపణి గొట్టంలోంచి పైకి వచ్చాక ముక్కు టోపీలో ఉన్న చిన్న చిన్న థ్రస్టర్లు దాన్ని లక్ష్యం వైపు వంచుతాయి. వంచాక ఆ టోపీ ఊడి పడిపోతుంది.

వేగం ధ్వనికి 2.8 రెట్లు. 290 కిలోమీటర్లు పోవడానికి ఆరు నిమిషాలు చాలు. ధ్వని కన్నా తక్కువ వేగంతో పోయే మామూలు క్రూయిజ్ క్షిపణికి అదే దూరం ఇరవై నిమిషాల దాకా పడుతుంది. చివర్లో బ్రహ్మోస్ నీటికి పది మీటర్ల ఎత్తులోకి దిగుతుంది. సముద్రం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఓడ మీద ఇరవై మీటర్ల ఎత్తున రాడార్ పెట్టుకున్నా అది కనిపించేది దాదాపు ముప్పై కిలోమీటర్ల దగ్గరే. అంటే ఓడలో ఉన్నవాళ్ల చేతిలో మిగిలేది అర నిమిషం. లెక్క మీరే వేసుకోండి, ఇంటర్ భౌతికశాస్త్రం చాలు. ఆ అర నిమిషంలో ఓడ మీద కొన్ని వందల మంది ఉంటారన్నది కూడా లెక్కలో రాసుకోండి.

ఇందులో మొదట ఎవరి పని ఎంత? ఇంజను, ఒడలు, సీకర్ రష్యావి. నావిగేషన్, మార్గదర్శక కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, ప్రయోగ నియంత్రణ వ్యవస్థ, వాహనాల మీద లాంచర్లు మనవి. నావిగేషన్ వ్యవస్థల్లో ఈ నగరంలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఆర్‌సీఐకి ఉన్న పట్టు అందరూ ఒప్పుకునేదే. ఆ రంగంలోనే పెరిగి తర్వాత డీఆర్‌డీవో ఛైర్మన్ అయిన జి. సతీశ్ రెడ్డి గారిది నెల్లూరు జిల్లా. విడిభాగాలు కూర్చి క్షిపణిగా నిలబెట్టే కేంద్రం కూడా హైదరాబాదులోనే వచ్చింది. కూర్చడం మన చేతిలో ఉంది, కూర్చేవాటిలో ఖరీదైనవి ఓడలో రావాలి. మొదటి దశ అదీ.

అక్కడి నుంచి కదిలిన తీరు మెచ్చుకోవాలి. 2005లో బ్రహ్మోస్ నౌకాదళంలో ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ మీదికి చేరింది. 2007లో సైన్యానికి వెళ్లింది. ఆ దశాబ్దంలోనే తిరువనంతపురంలోని కేరళ ప్రభుత్వ సంస్థ కెల్టెక్‌ను కంపెనీ తీసుకుంది. క్షిపణి ఒడలు గోద్రెజ్‌లో తయారవడం మొదలైంది. లాంచర్ల పని లార్సెన్ అండ్ టుబ్రోకి వెళ్లింది. 2009 జనవరి 20న పోఖ్రాన్‌లో క్షిపణి గురి తప్పింది. ఆరేడు వారాల్లో లోపం సరిదిద్ది మార్చిలో రెండుసార్లు కొట్టి చూపించారు. నా దృష్టిలో మన వాటా నిజంగా పెరిగింది ఆ మార్చిలో. లోపం ఎక్కడుందో వెతికే మనిషే ఆ యంత్రాన్ని నేర్చుకుంటాడు. డ్రాయింగు చూసి చేసేవాడికి ఆ అవకాశం రాదు.

2013 మార్చి 20న విశాఖపట్నం తీరంలో నీటి అడుగున ముంచిన వేదిక నుంచి ప్రయోగించారు. అది విజయవంతమైంది. ఇన్నేళ్లయినా మన జలాంతర్గాముల్లోకి మాత్రం అది ఎక్కలేదు, ఎందుకంటే ఎక్కించుకోగల జలాంతర్గామి మనకు లేదు. సుఖోయ్-30 కథ వేరు. మూడు టన్నుల క్షిపణిని రెండున్నర టన్నులకు తగ్గించారు, నాసిక్‌లో హెచ్‌ఏఎల్ విమానం కడుపును బలపరిచింది. 2017 నవంబరు 22న బంగాళాఖాతం మీద విమానం నుంచి వదిలితే నీటి మీద లక్ష్యాన్ని తాకింది. 2018 మార్చిలో మనవాళ్లు చేసిన సీకర్‌తో పోఖ్రాన్‌లో ప్రయోగం జరిగింది. 2020 సెప్టెంబరు 30న మన బూస్టర్, మన ఒడలు ఉన్న క్షిపణి ఎగిరింది. 2022 జనవరిలో ఐఎన్‌ఎస్ విశాఖపట్నం అనే కొత్త యుద్ధనౌక మీద నుంచి మరొకటి. 2025 మేలో లక్నో కర్మాగారం ప్రారంభమైంది, అక్టోబరులో అక్కడి మొదటి విడత బయటికొచ్చింది.

ఇక శాతాల సంగతి. మన దేశంలో శాతం చెప్పకుండా రక్షణ వార్త ముగియదు. బ్రహ్మోస్‌లో స్వదేశీ భాగం అరవై అయిదన్నారు, డెబ్బై అయిదన్నారు, ఎనభై దాటిందన్నారు. అధికారులు అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. ఆ శాతం విలువ మీద వేసిన లెక్క. వంద రూపాయల క్షిపణిలో ఎన్ని రూపాయలు ఇక్కడ ఖర్చయ్యాయన్నది అది చెబుతుంది. మొదట్లో నేను ప్రతిపాదించిన కొలత ఇంకోటి. మిగిలిన ఆ ఇరవై శాతం రాకపోతే ఎన్ని క్షిపణులు ఎగురుతాయి? ఒక్కటీ ఎగరదు. రామ్‌జెట్ ఇంజను విషయంలో మనం ఇంకా ర్యూతోవ్ వైపే చూస్తున్నాం. ముప్పై ఏళ్లకు దగ్గరపడుతున్న పొత్తులో భాగస్వామి తన చేతిలోంచి జారనివ్వని వస్తువు అదొక్కటే. నేను అతని స్థానంలో ఉంటే నేనూ జారనివ్వను.

2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్‌లో యుద్ధం నడుస్తోంది. అక్కడ రష్యా ఓనిక్స్ క్షిపణుల్ని ప్రయోగిస్తోంది. ఓనిక్స్, బ్రహ్మోస్ ఒకే కుటుంబం. ఒకే సంస్థ తన సైన్యానికీ మన కంపెనీకీ సరఫరా చేయాల్సి వచ్చినప్పుడు వరసలో ఎవరు ముందుంటారో ఊహించడానికి రక్షణ నిపుణుడు కానక్కర్లేదు. పైగా 2014 జూలైలోనే అమెరికా ఎన్‌పీవో మషినోస్త్రోయేనియాను ఆంక్షల జాబితాలో చేర్చింది. మన ఉమ్మడి కంపెనీలో దాదాపు సగం వాటా ఆ సంస్థదే. పని ఆగలేదు, నిజమే. ఆగకుండా చూసుకోవడానికి ఎన్ని దారులు వెతకాల్సి వచ్చిందో కంపెనీ చరిత్ర ఎప్పుడైనా నిజాయితీగా రాస్తే అందులో చదవాలని ఉంది.

290 అనే అంకె గురించి చెప్పాలి. దాన్ని ఏ ఇంజనీరూ నిర్ణయించలేదు. క్షిపణి పరిజ్ఞాన నియంత్రణ వ్యవస్థ అని 1987లో కొన్ని దేశాలు పెట్టుకున్న ఏర్పాటు ఒకటుంది. అయిదు వందల కిలోల బరువును 300 కిలోమీటర్లు మోయగల క్షిపణిని గానీ దాని విద్యను గానీ బయటివాళ్లకు ఇవ్వకూడదన్నది అందులో కీలకం. రష్యా 1995లో చేరింది. మనం అప్పుడు బయట ఉన్నాం. అందుకే గీతకు పది కిలోమీటర్లు ఇవతల ఆగాం. 2016 జూన్‌లో మనకూ సభ్యత్వం వచ్చింది. 2017 మార్చి 11న అదే కుటుంబపు క్షిపణి నాలుగు వందల కిలోమీటర్లు దాటింది. తొమ్మిది నెలల్లో అంత దూరం ఎలా పెరిగింది? ఆ సామర్థ్యం మొదటినుంచీ దానిలో దాగి ఉంది కాబట్టి. ఇన్నేళ్లూ దాన్ని పట్టి ఉంచింది లోహం కాదు, కాగితం.

అమ్మకాల దగ్గర ఈ పొత్తులో నాకు అసంతృప్తి ఉంది. ఇద్దరూ కలిసి చేస్తారు, ఇద్దరూ వాడతారు, స్నేహదేశాలకు అమ్ముతారు అన్నది మొదటి ఊహ. జరిగింది చూడండి. రష్యా సైన్యం బ్రహ్మోస్ కొనలేదు, తన ఓనిక్స్ తాను వాడుకుంది. అదే క్షిపణికి ఎగుమతి రూపం యాఖోంత్. వియత్నాం, ఇండోనేషియా, సిరియా దాన్ని రష్యా నుంచి నేరుగా తీసుకున్నాయి. అంటే మన భాగస్వామి పక్క దుకాణంలో ఇంచుమించు ఇదే సరుకు అమ్ముతున్నాడు. బ్రహ్మోస్‌కు మాత్రం బయటి కొనుగోలుదారు దొరకడానికి సంతకం తర్వాత ఇరవై నాలుగేళ్లు పట్టింది. 2022 జనవరి 28న ఫిలిప్పీన్స్ మూడు తీర రక్షణ బ్యాటరీలకు దాదాపు 37.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2024 ఏప్రిల్‌లో మన వైమానికదళపు సీ-17 విమానం మొదటి విడత అక్కడికి చేర్చింది. ఆ క్షిపణులు చూసేది దక్షిణ చైనా సముద్రం వైపు. చైనా రష్యాకు ఇవాళ ఎంత దగ్గరో మీకు తెలుసు. అయినా మాస్కో ఈ అమ్మకానికి అడ్డు చెప్పలేదు. డబ్బు అవసరమా, మన మాటకు విలువా, రెండూనా? కారణం ఏదైనా, ఒక దేశం అడ్డు చెప్పకపోవడం మీద మన ఎగుమతి ఆధారపడి ఉందన్నది గుర్తుంచుకోవాలి. సొంతగా అమ్ముకునే హక్కు వేరే సంగతి.

నిజానికి ఈ కంపెనీని బతికించింది ఎగుమతి కాదు, మన సైన్యాలే. 2024 మార్చి 1న రక్షణశాఖ ఒక్క నౌకాదళం కోసమే బ్రహ్మోస్ ఏరోస్పేస్‌తో చేసుకున్న క్షిపణుల ఒప్పందం విలువ 19,518 కోట్ల రూపాయల పైన. ఫిలిప్పీన్స్ ఒప్పందం దాంట్లో ఆరో వంతు కూడా లేదు. రెండు దేశాల కంపెనీ, ఒకే దేశపు మార్కెట్.

ఇంకొక విషయం ఉంది. పొగడ్తల సభల్లో దీన్ని ఎవరూ ఎత్తరు కాబట్టి నేను ఎత్తుతాను.

2022 మార్చి 9 సాయంత్రం మన దేశం నుంచి ఒక బ్రహ్మోస్ పొరపాటున ఎగిరి పాకిస్తాన్ పంజాబులో మియాఁ చన్ను అనే ఊరి దగ్గర పడింది. పేలుడు సామగ్రి పేలలేదు. ఆస్తి కొంత దెబ్బతింది, ప్రాణాలు పోలేదు. మన ప్రభుత్వం నోరు విప్పింది రెండు రోజుల తర్వాత, 11న. మరమ్మతు పనుల్లో సాంకేతిక లోపం అన్నారు, విచారం వెలిబుచ్చారు. ఆగస్టులో వైమానికదళం అసలు సంగతి చెప్పింది. నిర్దేశించిన పద్ధతి నుంచి పక్కకు జరగడం వల్లే ప్రయోగం జరిగిందని విచారణలో తేలింది. ముగ్గురు అధికారుల్ని కొలువు నుంచి తీసేశారు.

అప్పుడు పాకిస్తాన్ రాడార్ ముందు కూర్చున్న మనిషిని ఒక్కసారి ఊహించుకోండి. ధ్వనికి మూడు రెట్ల దగ్గరి వేగంతో ఒకటి సరిహద్దు దాటి వస్తోంది. ముక్కులో ఏముందో అతనికి తెలియదు. పైవాళ్లకు ఫోన్ చేసి, పైవాళ్లు ఇంకా పైవాళ్లకు చేసి, నిర్ణయం రావడానికి ఉన్నది మూడు నాలుగు నిమిషాలు. అణ్వాయుధాలున్న రెండు దేశాలు ఆ నిమిషాల్ని దాటాయి. ఆ రోజు అవతల ఎవరూ తొందరపడలేదు. ఇందాక చెప్పిన అర నిమిషం లెక్క మన బలం. అదే లెక్క, ఓడకు బదులు దేశాన్ని పెడితే, అవతలివాడికి ఆలోచించే సమయం లేకుండా చేస్తుంది. ఆలోచించే సమయం లేని పొరుగువాడు మనకే ప్రమాదం. వేగం ఎంత పెంచుతామో ప్రయోగపు తాళాల మీద అంత ఖర్చు పెట్టాలన్నది నా ఇంజనీరింగు అభిప్రాయం, రాజకీయ అభిప్రాయం కాదు.

ఆ ఘటనలో కంపెనీ వాటాలు ఏమయ్యాయో గమనించారా? సంజాయిషీ చెప్పింది ఢిల్లీ ఒక్కటే. నలభై తొమ్మిదిన్నర శాతం వాళ్లను ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. లాభం పంచుకునే ఒప్పందాలు ఉంటాయి గానీ మీట నొక్కిన చేయిని పంచుకునే ఒప్పందం ఉండదు.

2025 మేలో పాకిస్తాన్ మీద జరిపిన ఆపరేషన్ సిందూర్ తర్వాత బ్రహ్మోస్ పేరు మంత్రుల ప్రసంగాల్లో మారుమోగింది. ఆ ఏడాది మన నగరంలో వినాయక మండపాల అలంకరణలోకి కూడా వచ్చింది. పండగ చేసుకునేవాళ్ల ఉత్సాహాన్ని నేను తప్పు పట్టను. కానీ నాకు ఆ అట్టముక్కల క్షిపణుల కన్నా, ఆ ఆపరేషన్‌కు కొద్ది రోజుల ముందు ఇదే నగరంలో జరిగి ఎవరికీ పట్టని ఒక పని ముఖ్యం. 2025 ఏప్రిల్ 25న డీఆర్‌డీఎల్ వాళ్లు తమ కొత్త పరీక్షా కేంద్రంలో స్క్రామ్‌జెట్ దహనగదిని వెయ్యి సెకన్లకు పైగా మండించారు. అదే ఏడు జనవరిలో అలాంటి గదిని మండించింది 120 సెకన్లు. రామ్‌జెట్‌లో లోపలికొచ్చిన గాలి ధ్వని వేగం కన్నా కిందికి తగ్గాక మంట పెడతారు. స్క్రామ్‌జెట్‌లో అది ధ్వనిని మించి పరిగెడుతుండగానే పెట్టాలి. నేల మీద బిగించిన చిన్న పరిమాణపు గది అది, ఎగిరే క్షిపణి కాదు. ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది. 2020 సెప్టెంబరు 7న స్క్రామ్‌జెట్ వాహనాన్ని గాల్లో పరీక్షించినప్పుడు ఆ ఇంజను పనిచేసింది సెకన్లలోనే.

బ్రహ్మోస్-2 అని ఒక అతివేగ క్షిపణి గురించి రెండు దేశాలూ చాలా ఏళ్లుగా మాట్లాడుకుంటున్నాయి. కలాం గారి పేరిట దానికి 'కె' అక్షరం కూడా తగిలించారు. మాటలు కాగితం దాటలేదు. దాటకపోవడం ఒక రకంగా మంచిదేనని నాకనిపిస్తుంది. 1998లో బల్లకు ఇవతల కూర్చున్న మనవాళ్ల దగ్గర డబ్బు, నావిగేషన్, సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. ఇంజను అనే కాగితం ఖాళీగా ఉంది. ఏబయ్యిన్నర శాతం రాయించుకోవడం అప్పటికి అదే పెద్ద సాధన, కలాం గారు బేరం తెలిసిన మనిషి. ఈసారి వెళ్లేవాళ్ల చేతిలో ఆ వెయ్యి సెకన్లు, వాటి మీద ఇంకా రావలసిన కొన్ని పరీక్షలు ఉంటాయి. కాబట్టి శాతాల పేజీ చివర్లో రాసుకోవచ్చు. మొదటి పేజీలో ఉండాల్సినవి వేరు. ఇంజను డ్రాయింగుల్లో ఎవరి అనుమతీ లేకుండా గీత మార్చే అధికారం రెండు వైపులా ఉండాలి. మూడో దేశానికి అమ్మేటప్పుడు భాగస్వామి ఇన్ని రోజుల్లో జవాబు చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అనే షరతు ఉండాలి. ఒక వైపు యుద్ధం వస్తే విడిభాగాల వరసలో ఎవరు ఎక్కడ నిలబడతారో ముందే రాయాలి. ఇవి లాయర్లు రాసే వాక్యాలే. కానీ వాటిని అడగాలని లాయరుకు చెప్పాల్సింది మీలో ఇంజను చదువుతున్నవాళ్లు.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులు గడియారం వంక చూస్తున్నారు. ప్రశ్నలు అడగండి. దహనగది గురించి అడిగేవాళ్లకు మొదట అవకాశం ఇమ్మని మనవి.